రాష్ట్రం తరఫు వకీలు ఎవరి వకీలు?

న్యూజెర్సీలో ఈస్ట్ బే డ్రైవాల్ అనే చిన్న కంపెనీ ఉంది. కొత్త ఇళ్లకు లోపలి గోడల పలకలు బిగించడం దాని పని. బిల్డర్ల దగ్గర పని ఒప్పుకుని, అవసరమైనప్పుడు మనుషులను పిలిపించుకుంటుంది, పనయ్యాక డబ్బిచ్చి పంపేస్తుంది. రాష్ట్ర కార్మిక శాఖ ఆ కంపెనీ 2013–2016 లెక్కలను ఆడిట్ చేసింది. సబ్‌కాంట్రాక్టర్లని రాసుకున్న వాళ్లలో చాలామంది నిజానికి ఉద్యోగులేననీ, వాళ్ల పేరిట నిరుద్యోగ బీమా చందా కట్టలేదనీ తేల్చి సుమారు 42 వేల డాలర్లకు నోటీసు పంపింది. కంపెనీ ఒప్పుకోలేదు. కేసు విన్న అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి చాలావరకు కంపెనీ మాటతో ఏకీభవించారు. కార్మిక శాఖ కమిషనర్ ఆ నిర్ణయాన్ని తిరగరాశారు. అప్పీల్ కోర్టు మళ్లీ మార్చింది. చివరికి 2022 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు కార్మిక శాఖ పక్షాన నిలిచింది. బిజినెస్ రిజిస్ట్రేషన్ కాగితం, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఒక మనిషి సొంత కాళ్ల మీద నిలబడ్డ వ్యాపారి అయిపోడని ఆ కోర్టు చెప్పింది.

42 వేల డాలర్ల పేచీ నాలుగు మెట్లెక్కింది. కంపెనీ వైపు సొంత లాయర్లు నిలబడ్డారు. కార్మిక శాఖ వైపు అటార్నీ జనరల్ కార్యాలయం నిలబడింది. ఎవరి బతుకుకు బీమా ఉందా లేదా అన్నది అక్కడ తేలాలో, ఆ పలకలు బిగించిన వాళ్లు మాత్రం ఆ కేసులో పక్షం కారు. మహా అయితే సాక్షులు. బీమా చందా అంటే ఒక పన్నే. పన్ను తగాదా కదా, అది రాష్ట్రానికీ యజమానికీ మధ్యది అంటుంది చట్టం. అమెరికా నిరుద్యోగ బీమా వ్యవస్థలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మూల ఇదే. ఇలాంటి హియరింగ్‌లో రాష్ట్రం తరఫున ఎవరు కూర్చుంటారు, ఎలా కూర్చుంటారు అన్నది పైకి ఆఫీసు ఏర్పాటులాగే కనిపిస్తుంది. నిజానికి ఆ గదిలో లేని కార్మికుడి హక్కు మొత్తం ఆ కుర్చీ మీదే ఆధారపడి ఉంది.

వ్యవస్థ ఎలా నడుస్తుందో ముందు చూద్దాం. 1935 సామాజిక భద్రతా చట్టంతో ఇది దేశమంతటా వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే విస్కాన్సిన్ రాష్ట్రం సొంతంగా చట్టం చేసుకుంది. కేంద్రం ఇలాంటి పన్ను వేయవచ్చా అన్న వివాదం 1937లో అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లి 5–4 తేడాతో గట్టెక్కింది. యజమాని ప్రతి ఉద్యోగి జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద కేంద్రానికి 6 శాతం పన్ను కట్టాలి. రాష్ట్రానికి కట్టాల్సింది సక్రమంగా కడితే అందులో 5.4 శాతం మినహాయింపు దొరుకుతుంది. మిగిలేది 0.6 శాతం, అంటే తలకు ఏడాదికి 42 డాలర్లు. రాష్ట్రానికి ఎగ్గొడితే మినహాయింపు పోయి అదే 420 అవుతుంది. ఈ 7,000 పరిమితి 1983 నుంచి కదలలేదు. రాష్ట్రాలు వేసే పన్ను దీనికి అదనం. ఎక్కువమందిని తీసేసే యజమానికి రేటు పెరుగుతుంది, తక్కువమందిని తీసేసే వాడికి తగ్గుతుంది. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఇది పూర్తిగా యజమాని మీద పడే పన్ను. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కాల్లో మాత్రం ఉద్యోగి జీతంలోంచి కూడా కొంత కోస్తారు.

ఈ డబ్బు రాష్ట్ర ఖజానాలో కలవదు. అమెరికా ట్రెజరీలో ఉన్న ట్రస్ట్ ఫండులో రాష్ట్రం పేరిట జమ అవుతుంది. నిరుద్యోగ భృతికి తప్ప మరో ఖర్చుకు దాన్ని తీయకూడదు. రాష్ట్రం ఇక్కడ వసూలుదారు మాత్రమే, సొమ్ము దానిది కాదు.

హియరింగులు రెండు రకాలు. మొదటిది భృతి హియరింగు. ఉద్యోగం పోయినవాడు దరఖాస్తు పెడతాడు, యజమాని 'వాడే మానేశాడు' అంటాడు, లేదా 'తప్పు చేశాడు కాబట్టి తీసేశాం' అంటాడు. ఇద్దరి మాటా విని జడ్జి తేలుస్తారు. అక్కడ రాష్ట్ర శాఖ సాధారణంగా పక్కకు తప్పుకుంటుంది, చాలాసార్లు మనిషినే పంపదు. రెండోది పన్ను హియరింగు. అక్కడ రాష్ట్రమే ఒక పక్షం. ఆడిట్ చేసింది అదే, నోటీసు ఇచ్చింది అదే. నోటీసు నిలబడాలంటే దాన్ని ఎవరో ఒకరు సమర్థించాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది రాష్ట్రానికో రకంగా ఉంటుంది. న్యూజెర్సీలో కేసు స్వతంత్రంగా ఉండే ఆఫీస్ ఆఫ్ అడ్మినిస్ట్రేటివ్ లాకు వెళ్తుంది, కార్మిక శాఖ తరఫున డిప్యూటీ అటార్నీ జనరల్ హాజరవుతారు. వాషింగ్టన్ రాష్ట్రంలో కూడా ఇలాంటి కేసులు శాఖతో సంబంధం లేని జడ్జిల దగ్గరికే వెళ్తాయి, శాఖ వైపు అటార్నీ జనరల్ ఆఫీసు లాయర్లు ఉంటారు. మరికొన్ని చోట్ల పన్ను విభాగం ఉద్యోగే వాదిస్తాడు. ఒక్కోసారి ఆడిట్ చేసిన మనిషే తన ఆడిట్‌కు వకాల్తా పుచ్చుకుంటాడు.

ఈ చివరి పద్ధతిని చాలామంది చిన్న యజమానులకు మేలు చేసేదిగా చూస్తారు. లాయరు లేకపోతే హంగామా ఉండదు, భయం ఉండదు, ఖర్చు ఉండదు అని. నాకు ఈ వాదన మీద నమ్మకం లేదు. ఒక ఉదాహరణ ఊహించి చూద్దాం.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఓ టిఫిన్ సెంటర్ అనుకోండి. ఓనరు మనవాడే. దోసె మాస్టర్‌కు వారం వారం జెల్ యాప్‌లో డబ్బు పంపి, ఏడాది చివర 1099 ఫారం ఇచ్చాడు. 1099 అంటే నువ్వు నా ఉద్యోగివి కావు, బయటి కాంట్రాక్టర్‌వి అని చెప్పడమే. రెండేళ్ల తర్వాత పని తక్కువైందని మానిపించాడు. మాస్టర్ నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టాడు. కంప్యూటర్లో ఆయన పేరు మీద జీతం రికార్డే లేదు. దరఖాస్తు ఆగింది, ఫైలు ఆడిటర్ టేబుల్ మీదికి చేరింది. ఆడిటర్ వచ్చి బ్యాంకు స్టేట్‌మెంట్లు, క్విక్‌బుక్స్ లెక్కలు, 1099ల కట్ట తీసుకెళ్లాడు. ఆయన షీటులో పాతిక పేర్లున్నాయి. దోసె మాస్టర్, శని ఆదివారాల్లో వడ్డించే ఇద్దరు విద్యార్థులు, గ్రీజు ట్రాప్ కడిగే వాడు, ఏసీ రిపేరు చేసిన వాడు, మెనూ కార్డు డిజైన్ చేసిన అమ్మాయి. అందరి పేరు పక్కనా మొత్తం, కింద కూడిక, దాని కింద వడ్డీ, జరిమానా.

న్యూజెర్సీలో అమలయ్యేది ఏబీసీ పరీక్ష. పనివాడి మీద యజమాని అదుపు లేదని చూపాలి. ఆ పని యజమాని మామూలు వ్యాపారానికి బయటిదో, లేదా అతని వ్యాపార స్థలాలన్నిటికీ వెలుపల జరిగిందో చూపాలి. చేసినవాడికి సొంతంగా నిలదొక్కుకున్న వృత్తి ఉందని చూపాలి. మూడూ యజమానే రుజువు చేసుకోవాలి, ఒక్కటి తప్పినా ఉద్యోగే. ఈ గీటురాయి మీద ఏసీ మెకానిక్ నిలబడతాడు. వాడికి సొంత వ్యాను ఉంది, వీధి నిండా ఖాతాదారులున్నారు, టిఫిన్ సెంటర్ మూతపడినా వాడి బతుకు ఆగదు. దోసె మాస్టర్ మూడింటిలోనూ పోతాడు. ఉదయం ఆరింటికి రమ్మన్నది ఓనరు, పెనం ఓనరుది, పిండి ఓనరుది, దోసెలు ఆ వ్యాపారానికి ప్రాణం.

ఇదే కేసు ఆడిటరే వాదించే చోట పడిందనుకోండి. ఆయన తన షీటునే పట్టుకుని కూర్చుంటాడు. పాతిక పేర్లలో ఒక్కదాన్ని వదిలినా తన పని తప్పయినట్టే కదా. అందుకే మెకానిక్‌నీ వదలడు. తనే సాక్ష్యం చెప్పి, తన సాక్ష్యాన్ని తనే సమర్థించుకుంటాడు. ఓనరేమో మెకానిక్ రసీదులు చూపించి, 'చూశారా, వీళ్ల లెక్కంతా ఇంతే' అంటాడు. జడ్జికి మొత్తం షీటు మీదే అనుమానం వస్తుంది. ఆ అనుమానంలో దోసె మాస్టర్ కొట్టుకుపోతాడు. ఆరింటికి రమ్మని ఎవరు చెప్పారు, సెలవు ఎవరిని అడగాలి, ఇంకో హోటల్లో చేసుకోనిస్తారా అనే ప్రశ్నలు అడిగేవాళ్లే ఉండరు. ఆడిటర్‌కు లెక్కల్లో శిక్షణ ఉంది, క్రాస్ ఎగ్జామినేషన్‌లో లేదు. అది ఆయన తప్పు కాదు.

లాయరు ఉంటే ఏం మారుతుంది? మంచి లాయరైతే హియరింగ్‌కు ముందే మెకానిక్ పేరు, డిజైన్ చేసిన అమ్మాయి పేరు కొట్టేస్తాడు. దోసె మాస్టర్‌ను పిలిపించి సాక్ష్యం ఇప్పిస్తాడు. చిన్న యజమాని మీద పడే మొత్తం తగ్గుతుంది, నిలబడాల్సింది గట్టిగా నిలబడుతుంది. ఇంకో సంగతి. లాయరుకు వృత్తి నియమాలున్నాయి. తెలిసి అబద్ధాన్ని ట్రిబ్యునల్ ముందు పెట్టకూడదు, తన కేసులో తానే ముఖ్య సాక్షి కాకూడదు. దాటితే లైసెన్సుకే ముప్పు. ఆడిటర్‌కు ఆ నియమాలు వర్తించవు. అందుకే రాష్ట్రం లాయరును పంపడం యజమాని మీద దండయాత్ర అనే మాట నాకు మింగుడుపడదు. రాష్ట్రం నోటికి కళ్లెం పడేది లాయరు వచ్చినప్పుడే.

అయితే ఆ లాయరు ఎవరి మనిషి? కాగితం మీద ఆయన క్లయింటు కార్మిక శాఖ. కానీ శాఖకు ఆ డబ్బు మీద సొంత హక్కు లేదని పైన చెప్పుకున్నాం. ఆ లాయరు వెనక నిజంగా ఉన్నవాళ్లు రెండు రకాలు. రేపు పని పోతే భృతి కోసం వచ్చే కార్మికులు ఒకరు. సక్రమంగా చందా కడుతూ, పక్క దుకాణం వాడు ఎగ్గొడితే తమ మీద భారం పెరిగే యజమానులు రెండోవారు. ఫండు ఎండిపోతే ఏమవుతుందో కాలిఫోర్నియా యజమానులకు బాగా తెలుసు. కోవిడ్ కాలంలో ఆ రాష్ట్రం కేంద్రం నుంచి అప్పు తెచ్చి భృతి ఇచ్చింది. అప్పు తీరలేదు కాబట్టి కేంద్ర పన్నులో మినహాయింపు ఏటేటా తగ్గుతూ వచ్చింది. 2024కు అక్కడి యజమాని తలకు 42 డాలర్లకు బదులు 105 కట్టాల్సి వచ్చింది, ఒక్కరోజు కూడా ఎగ్గొట్టని వాడు సైతం.

కార్మికుడి తరఫున రాష్ట్రం ఎంత దూరం వెళ్లగలదో న్యూయార్క్‌లో పోస్ట్‌మేట్స్ కేసు చూపించింది. డెలివరీ యాప్‌లో కొద్దిరోజులు పనిచేసి, యాప్ నుంచి తొలగించబడ్డ ఒక కొరియర్ 2015లో నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టాడు. అతను ఉద్యోగే, అతనిలాంటి వాళ్లందరికీ కంపెనీ చందా కట్టాలి అంది కార్మిక శాఖ. జడ్జి కాదన్నారు, అప్పీల్ బోర్డు అవునంది, 2018లో అప్పీల్ కోర్టు మళ్లీ కాదంది. అక్కడితో కథ ముగిసి ఉంటే అడిగేవాడు లేడు. వారం పనికి వచ్చే భృతి కోసం ఏ కొరియర్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానికి వెళ్తాడు? ఆ కోర్టుకు వెళ్లింది కార్మిక శాఖ కమిషనర్. 2020 మార్చిలో, కోవిడ్ తలుపు తడుతున్న వారాల్లో, తీర్పు కొరియర్లకు అనుకూలంగా వచ్చింది. న్యూయార్క్ పద్ధతిలో ఇలాంటి నిర్ణయం ఆ ఒక్కడికే పరిమితం కాదు, అదే స్థితిలో ఉన్న ఇతరులకూ వర్తిస్తుంది. ఒక్క మనిషి దరఖాస్తు వేలమంది హోదాను తేల్చింది, మోసుకెళ్లింది సర్కారు వకీళ్లు.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచిన కేసు న్యూజెర్సీలోనే ఉంది. ఉబర్, దాని అనుబంధ సంస్థ రేజియర్ 2014–2018 మధ్య డ్రైవర్ల పేరిట చందాలు కట్టలేదని ఆడిట్‌లో తేలింది. 2019లో రాష్ట్రం అడిగింది వడ్డీ, జరిమానాలతో కలిపి 640 మిలియన్ డాలర్లకు పైనే. 2022 సెప్టెంబరులో ఉబర్ కట్టింది 100 మిలియన్లు. అందులో అసలు 78 మిలియన్లు, వడ్డీ 22 మిలియన్లు. దాదాపు 3 లక్షలమంది డ్రైవర్లకు సంబంధించిన లెక్క అది. రాష్ట్ర చరిత్రలో ఇంత పెద్ద వసూలు లేదని చప్పట్లు మోగాయి. నేనూ తక్కువ చేయను, ట్రస్ట్ ఫండులోకి 100 మిలియన్లు రావడం చిన్న విషయం కాదు. కానీ డ్రైవర్లు ఉద్యోగులా కాదా అన్న ప్రశ్న మీద తీర్పు రాలేదు. డబ్బు కట్టాక కూడా వాళ్లు స్వతంత్ర కాంట్రాక్టర్లేనన్న మాటను కంపెనీ వదల్లేదు. ఆరొందల చిల్లర మిలియన్ల అంచనాలో ఎంత పొరపాటు, ఎంత బేరం అన్నది 3 లక్షలమందిలో ఒక్కరిని కూడా అడిగి తేల్చింది కాదు.

రాజీ పడటం తప్పని అనను. ఎదుటివాడి దగ్గర లాయర్ల సేన ఉన్నప్పుడు, ఓడితే మొత్తం పోయే ప్రమాదం ఉన్నప్పుడు, చేతికొచ్చింది తీసుకోవడం వివేకమే కావచ్చు. నా అభ్యంతరం ఆ వివేకాన్ని ప్రదర్శించే అధికారం ఎవరికుంది, ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్నది. ట్రస్టీ ఆస్తి అమ్మేటప్పుడు లబ్ధిదారుకు కబురు పెట్టాలి. పన్ను కేసులో రాష్ట్ర లాయరు లబ్ధిదారుల తరఫున రాజీ పడుతూ వాళ్లకు పోస్టుకార్డు కూడా రాయనక్కర్లేదు. పెద్ద కేసుల రాజీలో ఏ లెక్క ఎందుకు వదిలారో కారణాలతో ప్రచురించాలన్న నిబంధన పెడితే అటార్నీ జనరల్ ఆఫీసుకు వచ్చే నష్టమేమీ లేదు. కారణాలు రాయాల్సి వస్తే, ఎక్కువగా వదులుకునేటప్పుడు కలమే సిగ్గుపడి ఆగుతుంది.

యజమానుల ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం నాకు న్యాయంగా అనిపిస్తుంది. న్యూజెర్సీలో స్వతంత్ర జడ్జి ఇచ్చేది తొలి నిర్ణయమే. తుది నిర్ణయం కార్మిక శాఖ కమిషనర్‌ది. నోటీసు ఇచ్చిన శాఖకు అధిపతే తీర్పు కూడా రాస్తారు. ఈస్ట్ బే కేసులో జడ్జి మాటను కమిషనర్ తిరగేశారని చెప్పుకున్నాం కదా, సుప్రీంకోర్టు చివరికి కమిషనర్ వైపే వచ్చింది కాబట్టి అక్కడ అన్యాయం జరగలేదనే అంటాను. కానీ ఆ ఏర్పాటు చూసిన ఏ చిన్న యజమానికైనా మనసులో ముల్లు గుచ్చుకుంటుంది. కోర్టుకు వెళ్లే దాకా నిష్పక్షపాతంగా చూసే తుది కన్ను దొరకదు, కోర్టుకు వెళ్లాలంటే లాయరు ఫీజు అడిగిన పన్నును మించిపోతుంది. టిఫిన్ సెంటర్ ఓనరు చివరికి మెకానిక్ చందా కూడా కట్టేసి ఊరుకుంటాడు. అందుకే రాష్ట్రం వైపు లాయరు కావాలని గట్టిగా అనేవాళ్లే, ఆడిట్ ఫైలు మొత్తం హియరింగ్‌కు ముందే యజమాని చేతికి రావాలని, కాగితాలు అర్థంకాని వాడికి దుబాసి ఉండాలని, తుది మాట శాఖ చేతిలోంచి తప్పించాలని కూడా అనాలి. ఒకటి అడిగి రెండోది మరిచిపోతే అది పక్షపాతమే.

ఇక మనవాళ్ల సంగతి. న్యూజెర్సీ నుంచి టెక్సాస్ దాకా తెలుగువాళ్లు నడిపే ఐటీ కన్సల్టెన్సీలకు ఈ పన్ను కొత్త కాదు, అది తెలియని ఉద్యోగులే ఎక్కువ. హెచ్-1బీ వీసా మీద పనిచేసే వాడి జీతం మీద ఈ చందా పడుతుంది. అతనికి ఉద్యోగం పోతే మరో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజుల గడువు. భృతి దొరకాలంటే 'పనికి సిద్ధంగా, చట్టప్రకారం అందుబాటులో' ఉండాలి. స్పాన్సర్ లేనివాడు అందుబాటులో ఉన్నట్టా కాదా అన్నచోట చాలామందికి దారి మూసుకుపోతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద, ఓపీటీ అనే పని అనుమతితో ఉద్యోగం చేసేవాళ్లలో ఎక్కువమంది పేరిట కేంద్ర పన్ను అసలు పడదు, పన్ను చట్టం వాళ్లను మినహాయించింది. డబ్ల్యూ-2 మీద, అంటే ఉద్యోగిగా, తీసుకోవాల్సిన మనిషిని సీ-టూ-సీ (కంపెనీకీ కంపెనీకీ మధ్య ఒప్పందం) అని, 1099 అని చూపించే కన్సల్టెన్సీల కథలు ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు.

ఇక్కడే అసలు చిక్కు. చాలా ఆడిట్లకు విత్తనం దోసె మాస్టర్ పెట్టినటువంటి దరఖాస్తే. ఎవరో ఒకడు ధైర్యం చేసి భృతి అడిగితేనే రికార్డు లేదన్న సంగతి బయటపడుతుంది. వీసా భయంతో బతికే వాడు అడగడు. కన్సల్టెన్సీ ఓనరు వీసా కాగితాల మీద సంతకం పెట్టేవాడు కూడా కాబట్టి సాక్ష్యం చెప్పమన్నా చెప్పడు. అలాంటి కేసు ఎప్పుడో ఆడిటర్ కంటబడి హియరింగ్‌కు వస్తే ఆ గదిలో కార్మికుడు ఉండడు, అతని గొంతు ఉండదు, సంతకం కూడా ఉండదు. అక్కడ రాష్ట్రం పంపిన మనిషి కూడా షీటు చదివి లేచిపోయే వాడైతే ఇక మిగిలేది కన్సల్టెన్సీ లాయరు చెప్పిన కథే.

మన దగ్గర, అంటే భారతదేశంలో, పరిస్థితి పోల్చి చూడటానికి ప్రావిడెంట్ ఫండ్ ఉంది. 1952 నాటి పాత పీఎఫ్ చట్టంలో 7ఎ సెక్షన్ కింద యజమాని ఎంత బాకీ ఉన్నాడో తేల్చింది పీఎఫ్ కమిషనరే. ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారి రిపోర్టు ఇచ్చేవాడు, అదే సంస్థ అధికారి విచారించేవాడు. తన వాదన వినిపించే అవకాశం ఇవ్వనిదే ఆదేశం ఇవ్వకూడదని ఆ సెక్షన్ చెప్పింది యజమాని గురించే, కార్మికుడి ఊసు అందులో లేదు. ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కేసులో మన సుప్రీంకోర్టు సరైన మాటే చెప్పింది. సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం చేతిలో పెట్టుకుని, యజమాని కాగితాలు చూపలేదన్న ఒక్క కారణంతో కమిషనర్ తేల్చేయకూడదని, ఆ అధికారం వాడి కాంట్రాక్టర్లను పిలిపించాలని అంది. ఎవరి ఖాతాలో వేయాలో తెలియని డబ్బు వసూలు చేసి ఏం లాభం? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం, గిగ్ కార్మికులకు ఇచ్చే మొత్తంలో 5 శాతానికి మించకుండా కట్టాలని ఉంది. ఉద్యోగా కాదా అన్న రభసను కోడ్ తెలివిగా తప్పించుకుంది, గిగ్ కార్మికుడు మామూలు యజమాని–ఉద్యోగి సంబంధానికి బయటివాడని నిర్వచనంలోనే రాసేసింది. కాబట్టి హైదరాబాద్ డెలివరీ కుర్రాడికి ఏబీసీ పరీక్ష రాదు. టర్నోవర్ ఎంత, అందులో ఏది లెక్కకొస్తుంది అన్న పేచీ మాత్రం తప్పదు. ఆ పేచీ విచారణలో అతని తరఫున మాట్లాడే మనిషి ఎవరో ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.

అమెరికా రాష్ట్రాలు చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. హోదా వివాదం ఉన్న ప్రతి పన్ను కేసులోనూ అటార్నీ జనరల్ ఆఫీసు లాయరే నిలబడాలి, ఆడిటర్ సాక్షిగా మాత్రమే రావాలి. ఆడిటర్ షీటులో పేరున్న ప్రతి మనిషికీ హియరింగ్ తేదీ తెలియజేస్తూ ఉత్తరం వెళ్లాలి. వచ్చి మాట్లాడాలనుకుంటే మాట్లాడనివ్వాలి, వీసా సంగతి ఆ గదిలో ఎవరూ అడగకూడదు. షీటులో చిరునామాలు ఎలాగూ ఉంటాయి, 1099 ఫారం మీద చిరునామా రాయకుండా ఎవరూ పంపలేరు.

దీనికి డబ్బెక్కడిది అంటారు. లాయర్ల జీతాలు, ఉత్తరాల ఖర్చు, దుబాసీల ఫీజు. రాష్ట్రాలు ఈ వ్యవస్థ నడపడానికి అయ్యే ఖర్చు ఇచ్చేది కేంద్రమే, ఆ డబ్బు వచ్చేది యజమాని తలకు కట్టే 42 డాలర్లలోంచే. ఆ పన్ను ముఖ్యంగా వెళ్లేది ఈ నిర్వహణకే. 1983లో ఆగిపోయిన 7,000 పరిమితిని కాస్త కదిపితే ఆ పద్దు కింద ఇంకెన్నో పనులు జరుగుతాయి. ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా కేంద్రంలో దాన్ని ఇంతవరకు మార్చలేదు.